గర్భిణికి థైరాయిడ్ సమస్య: పుట్టబోయే బిడ్డ కోసం ఎప్పుడు ఏం చేయించాలి

గర్భిణికి థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోతే ఆ ప్రభావం కడుపులో బిడ్డ మెదడు మీద, బరువు మీద, కాన్పు సమయం మీద పడుతుంది. దీన్ని కనిపెట్టడానికి ఒక రక్తపరీక్ష చాలు. మందు చవకైనది, గర్భంలో వాడదగినది కూడా. అయినా నష్టం జరగడానికి పెద్ద కారణం ఆలస్యం. మొదటి మూడు నెలల్లో చేయించాల్సిన పరీక్షను ఐదో నెలలో చేయిస్తారు. కాన్పు తర్వాత మూడో రోజున బిడ్డకు చేయించాల్సిన పరీక్షను అసలు చేయించరు. వేముల మండలంలోను, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లోను సేద్యం పనుల మధ్య ఆసుపత్రికి వెళ్లే కుటుంబాలు ఏ పరీక్షను ఏ వారంలో చేయించుకోవాలి, మాత్రలు ఎలా వాడాలి, ఉప్పు, పురుగుమందులు, బోరు నీళ్ల విషయంలో ఏం తెలుసుకోవాలి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

థైరాయిడ్ గ్రంథి చేసే పని

గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి ఇది. మనం తినే అయోడిన్‌ను తీసుకుని థైరాక్సిన్ అనే హార్మోను తయారు చేస్తుంది. ఒంట్లో వేడి, గుండె వేగం, అరుగుదల, పిల్లల్లో ఎదుగుదల అన్నీ ఈ హార్మోను మీద ఆధారపడి ఉంటాయి. ఇది తక్కువైతే హైపోథైరాయిడిజం, ఎక్కువైతే హైపర్‌థైరాయిడిజం అంటారు. గర్భిణుల్లో ఎక్కువగా కనబడేది మొదటిది.

పరీక్ష కాగితం మీద టీఎస్‌హెచ్ అనే అంకె ఉంటుంది. చాలామంది తికమక పడేది ఇక్కడే. టీఎస్‌హెచ్ ఎక్కువ ఉంటే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందని అర్థం కాదు, తక్కువ పనిచేస్తోందని అర్థం. టీఎస్‌హెచ్ అనేది మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపే ఆజ్ఞ. కూలీ నెమ్మదించే కొద్దీ మేస్త్రీ గొంతు పెరిగినట్టు, థైరాయిడ్ నెమ్మదించే కొద్దీ టీఎస్‌హెచ్ పెరుగుతుంది.

మొదటి మూడు నెలలే ఎందుకు ముఖ్యం

కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ గ్రంథి 10 నుంచి 12 వారాల దాకా హార్మోను తయారు చేయదు. పూర్తిగా అందుకోవడానికి 18 నుంచి 20 వారాలు పడుతుంది. మెదడుకు పునాది పడే కాలం కూడా ఇదే. ఈ వారాల్లో బిడ్డకు అందే హార్మోను అంతా తల్లిదే. అందుకే గర్భం రాగానే తల్లి శరీరానికి థైరాక్సిన్ అవసరం దాదాపు నాలుగో వంతు నుంచి సగం దాకా పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి ఆ అదనపు పనిని చేసుకుపోతుంది. బలహీనంగా ఉన్న గ్రంథి చేయలేదు. గర్భానికి ముందు ఏ ఇబ్బందీ లేని స్త్రీలో కూడా అప్పుడే సమస్య బయటపడేది ఇందుకే.

మన పల్లెల్లో నెల తప్పిన సంగతి మూడో నెల నిండేదాకా బయటికి చెప్పకూడదనే అలవాటు ఇంకా ఉంది. ఊరికంతా చెప్పనక్కర్లేదు. ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు మాత్రం చెప్పాలి. 12 వారాల లోపు పేరు నమోదు చేయించుకుంటే మొదటి రక్తపరీక్షల్లోనే థైరాయిడ్ కూడా చూపించుకోవచ్చు. మీ ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష చేయకపోతే రక్తనమూనా ఎక్కడికి పంపుతారో, ఎన్ని రోజుల్లో ఫలితం వస్తుందో అడిగి తెలుసుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. 2016 నుంచి ఈ ఏర్పాటు ఉంది. 9వ తేదీ గుర్తుపెట్టుకోవడం తేలిక కాబట్టి ఆ రోజు కూలి పని పెట్టుకోకుండా చూసుకోవడం మంచిది.

ఎవరు తప్పనిసరిగా చేయించుకోవాలి

కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ముప్పు ఎక్కువ ఉన్న గర్భిణులకు ఈ పరీక్ష తప్పక చేయాలి. గతంలో థైరాయిడ్ సమస్య గాని గొంతు వాపు గాని ఉన్నవారు, అధిక బరువు ఉన్నవారు, ఒకటికి మించి గర్భస్రావాలు అయినవారు, బిడ్డ కడుపులోనే చనిపోయినవారు, నెలలు నిండకుండా కాన్పు అయినవారు, చాలా కాలం పిల్లలు లేక మందులు వాడినవారు, చిన్నతనం నుంచి ఇన్సులిన్ మీద ఉన్న మధుమేహులు, ఇంట్లో బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డ పుట్టినవారు ఇందులోకి వస్తారు. ఈ కోవలోకి రాని వారికి కూడా చాలామంది డాక్టర్లు మొదటి పరీక్షల్లోనే టీఎస్‌హెచ్ రాస్తున్నారు. రాయకపోతే అడగడంలో తప్పు లేదు.

అలసట, మలబద్ధకం, ఒళ్లు బరువెక్కడం, జుట్టు రాలడం, చలి ఎక్కువ అనిపించడం థైరాయిడ్ తగ్గినప్పటి లక్షణాలు. ఇవన్నీ మామూలు గర్భంలో కూడా ఉండేవే. లక్షణాలు చూసి నిర్ణయించుకుందాం అనుకుంటే ఎప్పటికీ తేలదు.

ఫలితంలో అంకెలు

2014 మార్గదర్శకాల్లో టీఎస్‌హెచ్ మొదటి మూడు నెలల్లో 2.5 లోపు, ఆ తర్వాత 3 లోపు ఉండాలని ఉంది. 10 దాటితే ఎక్కువ మోతాదుతో, అంతకు తక్కువైతే తక్కువ మోతాదుతో మందు మొదలు పెట్టమని చెప్పారు. 2017లో అమెరికా థైరాయిడ్ సంఘం ఈ హద్దును కొంత సడలించి, స్థానిక లెక్కలు లేని చోట 4 దాకా సరే అంది. అందువల్ల 3.2 వచ్చిన ఒకే కాగితాన్ని చూసి ఒక డాక్టరు మాత్ర రాయవచ్చు, ఇంకొకరు నెల తర్వాత మళ్లీ చూద్దాం అనవచ్చు. ఇద్దరిలో ఒకరు తప్పని అనుకోనక్కర్లేదు. ఒక్కరి దగ్గరే చూపించుకుంటూ మళ్లీ పరీక్ష చేయించుకోవడం ముఖ్యం.

ఇక్కడ భయాన్ని కొంత తగ్గించే సంగతి ఒకటి చెప్పాలి. అమెరికాలో 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో, గర్భంలో థైరాయిడ్ తగ్గి మందు వాడని తల్లుల పిల్లల తెలివి పరీక్షల సగటు మిగతా పిల్లల కంటే 7 పాయింట్లు తక్కువ వచ్చింది. ఆ తర్వాత స్వల్పంగా తగ్గిన వారికి మందు ఇచ్చి చూసిన పెద్ద పరిశోధనలు రెండు వచ్చాయి. ఒకటి 2012లో బ్రిటన్, ఇటలీల నుంచి, మరొకటి 2017లో అమెరికా నుంచి. మందు వాడిన తల్లుల పిల్లలకు, వాడని తల్లుల పిల్లలకు తెలివిలో తేడా కనబడలేదు. అంటే అంకె హద్దు కాస్త దాటినంత మాత్రాన బిడ్డకు ఏదో అయిపోయిందని కుమిలిపోవద్దు. బాగా దాటి, మందు లేకుండా వదిలేసినప్పుడే ముప్పు. గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డ, తల్లికి రక్తపోటు ఎక్కువయ్యేది అప్పుడే.

ముందే మాత్రలు వాడుతున్నవారు

పెళ్లికి ముందు నుంచో, మొదటి కాన్పు తర్వాత నుంచో థైరాక్సిన్ మాత్రలు వాడుతున్న స్త్రీలు నెల తప్పగానే ఆపేయడం మనం తరచూ చూసే పొరపాటు. 'కడుపుతో ఉన్నప్పుడు మందులు పడవు' అని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. చాలా మందుల విషయంలో ఆ జాగ్రత్త మంచిదే. థైరాక్సిన్ విషయంలో మాత్రం అది తిరగబడుతుంది. ఈ మాత్రలో ఉండేది శరీరం రోజూ తయారు చేసుకునే హార్మోనే. ఆపడం కాదు, పెంచాల్సిన సమయం అది. నెల తప్పినట్టు తెలిసిన రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. వెంటనే వెళ్లే వీలు లేనివారికి వారానికి 7 మాత్రల బదులు 9 వాడుతూ పరీక్షకు రమ్మని డాక్టర్లు చెబుతుంటారు. గర్భం కోసం చూస్తున్నప్పుడే ఈ మాట ముందుగా అడిగి పెట్టుకుంటే ఆ రోజు వెతుక్కోనక్కర్లేదు.

మాత్ర వేసుకునే పద్ధతి

మాత్ర సరైనదే అయినా వేసుకునే తీరు సరిగా లేక ఒంటికి పట్టని వారు ఎంతోమంది. ఆరోగ్య కేంద్రంలో గర్భిణులందరికీ ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు ఇస్తారు. ఇవి రెండూ థైరాయిడ్ మాత్రను పేగుల్లోనే పట్టేసుకుని ఒంట్లోకి పోనివ్వవు. అన్ని మాత్రలూ గుర్తుగా ఒకేసారి మింగేసే అలవాటు ఉంటే థైరాయిడ్ మాత్ర వేసుకుని కూడా వేసుకోనట్టే. టీఎస్‌హెచ్ తగ్గదు, డాక్టరు మోతాదు పెంచుతారు, అయినా తగ్గదు.

పొలం పనికి పొద్దున్నే పోయే ఇంట్లో ఇలా పెట్టుకోవచ్చు. నిద్ర లేవగానే పరగడుపున మంచినీళ్లతో థైరాయిడ్ మాత్ర. టీ, కాఫీ, పాలు, టిఫిన్ ఏదైనా అరగంట నుంచి గంట తర్వాతే. కాల్షియం ఒకటి మధ్యాహ్నం అన్నంతో, ఇంకొకటి రాత్రి అన్నంతో. ఐరన్ మాత్ర రాత్రి అన్నం తిన్న రెండు గంటలకు, పడుకునే ముందు. థైరాయిడ్ మాత్రకు మిగతా రెండింటికీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలన్నది గుర్తుంటే చాలు. మాత్రల సీసా మంచం పక్కన ఉంటే మరిచిపోరు. అయితే కిటికీలో ఎండ తగిలే చోట, పొయ్యి గట్టు మీద పెట్టకూడదు. మన ఎండాకాలంలో రేకుల ఇంట్లో మధ్యాహ్నం వేడికి ఈ మందు బలం తగ్గిపోతుంది. ఇంట్లో చల్లగా, తడి తగలని మూల చూసి పెట్టాలి. ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు.

మందు మొదలు పెట్టాక గాని, మోతాదు మార్చాక గాని నాలుగు నుంచి ఆరు వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్ చూడాలి. ఒకసారి మాత్ర రాయించుకుని కాన్పు దాకా అదే వాడడం సరికాదు.

పుట్టింటికి వెళ్లేటప్పుడు

తొలి కాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి పుట్టింటికి వెళుతుంది. వేములలో చూపించుకుంటున్న అమ్మాయి జమ్మలమడుగు వైపు వెళ్లవచ్చు, ప్రొద్దుటూరు అమ్మాయి పులివెందుల వైపు రావచ్చు. ఊరు మారడంతో డాక్టరు మారతారు, పరీక్ష కాగితాలు అత్తగారింట్లో బీరువాలో ఉండిపోతాయి. కొత్త ఆసుపత్రిలో థైరాయిడ్ మాట ఎత్తకపోతే బిడ్డ పుట్టాక చేయాల్సిన పరీక్ష ఎవరికీ గుర్తుకు రాదు. సారె సర్దేటప్పుడే తల్లీబిడ్డల రక్షణ కార్డు, చివరి టీఎస్‌హెచ్ కాగితం, మాత్ర మోతాదు రాసిన చీటీ, కనీసం నెలకు సరిపడా మాత్రలు అదే సంచిలో పెట్టాలి. కార్డు మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో 'తల్లికి థైరాయిడ్ ఉంది' అని ఏఎన్ఎంతో రాయించుకుంటే ఇంకా మేలు.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవారు

వీరు తక్కువ మందే గాని జాగ్రత్త ఎక్కువ కావాలి. గుండె దడ, చేతుల వణుకు, తిన్నా బరువు తగ్గడం, కళ్లు ముందుకు వచ్చినట్టు ఉండడం గ్రేవ్స్ జబ్బు లక్షణాలు. ఈ జబ్బు ఉన్న తల్లి రక్తంలోని యాంటీబాడీలు మాయ దాటి బిడ్డ గ్రంథిని కూడా రెచ్చగొట్టగలవు. అలా జరిగిన బిడ్డ బరువు తక్కువగా పుట్టి, గుండె వేగంగా కొట్టుకుంటూ, చిరాకుగా ఏడుస్తూ, పాలు తాగినా బరువు పెరగకుండా ఉంటుంది. గతంలో ఆపరేషన్ చేయించుకుని, రేడియో అయోడిన్ తాగి ఈ జబ్బు నయమైందనుకున్న తల్లికి కూడా ఆ యాంటీబాడీలు మిగిలి ఉండవచ్చు కాబట్టి పాత జబ్బు సంగతి దాచకూడదు. దీనికి వాడే మందులను మొదటి మూడు నెలల్లో ఒక రకం, తర్వాత ఇంకో రకం ఇస్తారు. సొంతంగా ఆపడం, మార్చడం చేయరాదు. ఇలాంటి గర్భిణికి కాన్పు పెద్ద ఆసుపత్రిలో, పిల్లల డాక్టరు ఉన్న చోట జరగాలి. వాంతులు విపరీతంగా ఉన్న మొదటి నెలల్లో టీఎస్‌హెచ్ కొంత తక్కువ రావడం వేరే సంగతి. అది చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది.

ఉప్పు, మేకపిల్లలు, రామలింగస్వామి

మేకలు, గొర్రెలు పెంచేవారికి ఈ విషయం కొత్త కాదు. చూడి మేకకు అయోడిన్ చాలకపోతే పిల్ల గొంతు కింద గడ్డతో, వెంట్రుకలు సరిగా లేకుండా, లేవలేనంత బలహీనంగా పుడుతుంది. కొన్ని చచ్చే పుడతాయి. తల్లి మేక మాత్రం బాగానే కనబడుతుంది. పశువుల డాక్టరు ఖనిజ లవణ మిశ్రమం పెట్టమనేది ఇందుకు కూడా. మనుషుల్లో కూడా కొండ ప్రాంతాల్లో తరతరాలుగా జరిగింది ఇదే. తల్లులకు గొంతు వాపు, పిల్లలకు చెవుడు, మాట రాకపోవడం, బుద్ధి ఎదగకపోవడం.

దీనికి ఉప్పే మందని మన దేశంలో నిరూపించినవారిలో ముఖ్యుడు తెలుగువాడు. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో 1956లో ఈ పని మొదలుపెట్టారు. అయోడిన్ కలిపిన ఉప్పు వాడిన గ్రామాల్లో గొంతు వాపు తగ్గిపోయింది. ఆ దారిలోనే 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. నేడు మనుషులు తినే ఉప్పును అయోడిన్ కలపకుండా అమ్మకూడదు. తయారైన చోట కిలో ఉప్పులో 30 మిల్లీగ్రాములు, మన ఇంటికి చేరేసరికి కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి.

గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మామూలు పెద్దవారికి 150 చాలు. కొంత ఉప్పు నుంచి, మిగతాది పాలు, గుడ్లు, చేపల నుంచి వస్తుంది. అలాగని ఉప్పు ఎక్కువ తినమని కాదు, రక్తపోటు పెరుగుతుంది. వాడే ఆ కొద్ది ఉప్పు అయోడిన్ ఉన్నదై ఉండాలి. పశువులకని, ఊరగాయకని సంచుల్లో తెచ్చుకునే గళ్లుప్పు కూరల్లోకి కూడా వాడే ఇళ్లు ఉన్నాయి. అందులో అయోడిన్ లేకపోవచ్చు. మట్టి ఉందని గళ్లుప్పును కడిగితే ఉన్న అయోడిన్ కూడా నీళ్లలో పోతుంది. ఈమధ్య ఆరోగ్యానికి మంచిదని అమ్ముతున్న సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు కూడా అంతే. ప్యాకెట్ మీద అయోడిన్ కలిపినదని రాసి ఉంటేనే తీసుకోండి. మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టి, కూర దించే ముందు వేసుకుంటే నష్టం తక్కువ. అయోడిన్ చుక్కలు, పొడులు సొంతంగా కొని వాడవద్దు. ఎక్కువైనా బిడ్డ గ్రంథికి చేటే.

సజ్జలు, క్యాబేజీ తింటే థైరాయిడ్ వస్తుందా అని అడుగుతుంటారు. అయోడిన్ కరువుగా ఉండి, పూటపూటా సజ్జలే తినే చోట మాత్రమే అది సమస్య. మన ఇళ్లలో రాగి సంగటి, జొన్న రొట్టె, అప్పుడప్పుడు సజ్జ రొట్టె మానుకోవాల్సిన పని లేదు.

పిచికారీ మందులు, బోరు నీళ్లు

వేరుశనగలో తిక్క ఆకుమచ్చకు, అరటిలో సిగటోకా ఆకుమచ్చకు, టమాటాకు వాడే మాంకోజెబ్ మందు నుంచి ఇథిలీన్ థయోయూరియా అనే పదార్థం పుడుతుంది. అది థైరాయిడ్ హార్మోను తయారీని అడ్డుకుంటుంది. కోస్టారికాలో అరటి తోటల దగ్గర నివసించే గర్భిణుల మూత్రంలో ఈ పదార్థం మామూలు జనంలో కంటే బాగా ఎక్కువగా ఉన్నట్టు 2014లో పరిశోధకులు వెల్లడించారు. ఆ తోటల్లో విమానాలతో చల్లుతారు, మన దగ్గర స్ప్రేయరుతో. పద్ధతి వేరైనా జాగ్రత్త ఒకటే. గర్భిణి మందు కలపకూడదు, డ్రమ్ములో నీళ్లు అందించే పని కూడా చేయకూడదు. పిచికారీ చేసిన తోటలో ఆకు ఆరేదాకా అడుగు పెట్టకూడదు. మగవాళ్ల మందు బట్టలు ఉతికే పని సాధారణంగా ఆడవాళ్ల మీదే పడుతుంది. ఆ తొమ్మిది నెలలూ ఎవరి బట్టలు వారే విడిగా ఉతుక్కుంటే సరిపోతుంది. ఖాళీ మందు డబ్బాల్లో ఉప్పు, పప్పు పోసుకోవడం ఏ ఇంట్లోనూ ఉండకూడదు.

వేముల మండలంలో ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది. తుమ్మలపల్లె యురేనియం గని వల్ల థైరాయిడ్ వస్తోందా అని. 1986 చెర్నోబిల్ ప్రమాదం తర్వాత పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్లు పెరిగిన మాట నిజం. దానికి కారణం రేడియోధార్మిక అయోడిన్. అది అణు రియాక్టర్లో పుట్టేది, ఖనిజం తవ్వేచోట దాని బెడద ఉండదు. తాగే నీళ్లలో యురేనియం ఎక్కువైతే మొదట దెబ్బతినేవి మూత్రపిండాలు. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. గని చుట్టుపక్కల బోర్ల నీళ్లు పరీక్ష చేయించమని అడగడం రైతుల హక్కు, అడగాల్సిందే. కానీ ఆ వాదన తేలేదాకా టీఎస్‌హెచ్ పరీక్షను ఆపి కూర్చోవద్దు. కారణం ఏదైనా తల్లికి కావాల్సిన మాత్ర ఒకటే.

బిడ్డ పుట్టాక

తల్లికి థైరాయిడ్ తక్కువగా ఉండి, మాత్రలు సరిగా వాడి ఉంటే బిడ్డ సాధారణంగా ఆరోగ్యంగానే పుడుతుంది. తల్లికి ఉంది కాబట్టి బిడ్డకు వస్తుందని అనుకోనక్కర్లేదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న పిల్లల్లో ఎక్కువమంది తల్లులకు ఏ థైరాయిడ్ జబ్బూ ఉండదు. బిడ్డ గొంతులో గ్రంథి ఏర్పడకపోవడం, ఏర్పడాల్సిన చోట కాక వేరేచోట చిన్నగా ఏర్పడడం, ఉన్నా హార్మోను తయారు చేయలేకపోవడం ఇందుకు కారణాలు. కోడలు ఏదో తిన్నందుకో, గ్రహణం చూసినందుకో కాదు. తల్లిని నిందించే ఇళ్లలో ఈ సంగతి గట్టిగా చెప్పాలి. పరీక్ష తల్లికి జబ్బు ఉన్న బిడ్డలకే కాదు, ప్రతి బిడ్డకూ అవసరం అన్నది కూడా దీన్నిబట్టే.

ఇది అరుదైన జబ్బు కాదు. హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో 1,700 మందికి ఒకరిలో ఈ లోపం కనబడింది. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాదుతో కలిపి ఐదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షిస్తే 1,130 మందికి ఒకరు తేలారు. చెన్నైలో అయితే 727కి ఒకరు.

ఈ బిడ్డ పుట్టినప్పుడు మామూలుగానే ఉంటుంది. కడుపులో ఉండగా తల్లి హార్మోను కొంత అందుతుంది కాబట్టి బరువు, రంగు, ఏడుపు అన్నీ సరిగానే కనబడతాయి. బొడ్డు కోశాక ఆ ఆసరా పోతుంది. తర్వాతి వారాల్లో బిడ్డ ఎక్కువసేపు నిద్రపోతుంది, పాలకు లేపాల్సి వస్తుంది, పెద్దగా ఏడవదు. 'ఏమీ విసిగించదు, బంగారం లాంటి బిడ్డ' అని చూసినవాళ్లు మెచ్చుకుంటారు. కామెర్లు రెండు, మూడు వారాలు దాటినా తగ్గవు. మలబద్ధకం, బొడ్డు ఉబ్బడం, నాలుక పెద్దగా బయటికి కనబడడం, బొంగురు ఏడుపు, చర్మం చల్లగా పొడిగా ఉండడం, నడినెత్తి, వెనక మాడు ఎక్కువ మెత్తగా తెరిచి ఉండడం ఒక్కొక్కటిగా వస్తాయి. ఇవన్నీ కనబడేసరికి మెదడుకు అవసరమైన వారాలు గడిచిపోయి ఉంటాయి. కామెర్లకు పసరు పోయించడం, మలబద్ధకానికి ఆముదం పట్టడం, మాట రావడానికి వస అరగదీసి నాకించడం వల్ల రోజులు పోతాయే తప్ప హార్మోను రాదు.

అందుకే లక్షణాల కోసం చూడకుండా పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య బిడ్డ మడమ నుంచి రెండు మూడు చుక్కల రక్తం తీసి టీఎస్‌హెచ్ చూస్తారు. పుట్టిన మొదటి రోజున ప్రతి బిడ్డకూ టీఎస్‌హెచ్ సహజంగానే బాగా పెరుగుతుంది, అప్పుడు చూస్తే లేని జబ్బు ఉన్నట్టు తేలుతుంది. కొన్ని ఆసుపత్రుల్లో కాన్పు సమయంలోనే బొడ్డుతాడు రక్తంతో పరీక్ష చేస్తారు, అది కూడా పనికొస్తుంది. చిక్కు ఏమిటంటే మామూలు కాన్పు అయిన తల్లిని చాలాచోట్ల 48 గంటలకు ఇంటికి పంపిస్తారు. ఆ గంటల తేడాతో పరీక్ష తప్పిపోతుంది. డిశ్చార్జి కాగితం తీసుకునే ముందు 'బిడ్డకు థైరాయిడ్ పరీక్ష చేశారా, ఫలితం ఎప్పుడు, ఎవరిని అడగాలి' అని బిడ్డ తండ్రో అమ్మమ్మో అడగాలి. చేయకపోయి ఉంటే మొదటి వారంలోనే పిల్లల డాక్టరు ఉన్న ఆసుపత్రికి, ప్రొద్దుటూరు, పులివెందుల, కడప ఏది దగ్గరైతే అక్కడికి తీసుకెళ్లాలి. పురిటి మైల అని పదకొండు రోజులు గడప దాటనివ్వని ఇళ్లలో ఈ ఒక్క ప్రయాణానికి మినహాయింపు ఇవ్వాలి. బరువు తక్కువగా, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మొదటి పరీక్ష బాగున్నా రెండు నుంచి నాలుగు వారాలకు మళ్లీ చేయించాలి.

లోపం తేలితే 14 రోజుల లోపు మందు మొదలు కావాలి. బిడ్డ బరువును బట్టి కిలోకు రోజుకు 10 నుంచి 15 మైక్రోగ్రాముల థైరాక్సిన్ ఇస్తారు. మొదటి రెండు వారాల్లో మొదలుపెట్టి సరిగా వాడిన పిల్లలు మిగతా పిల్లల్లాగే బడికి వెళతారు. నెలల తరబడి ఆలస్యమైతే ఆ తర్వాత ఎంత మందు వేసినా పోయిన తెలివి పూర్తిగా తిరిగి రాదు.

బిడ్డకు మాత్రను రెండు చెంచాల మధ్య నలిపి, కొద్ది చుక్కల తల్లిపాలలోనో కాచి చల్లార్చిన నీళ్లలోనో కలిపి ఉగ్గుగిన్నెతో అప్పటికప్పుడు పట్టాలి. ముందురోజు కలిపి ఉంచకూడదు. సీసాపాలలో కలిపితే బిడ్డ సగం వదిలేస్తే సగం మందు పోయినట్టే. ఐరన్, కాల్షియం చుక్కలు ఉంటే నాలుగు గంటలు ఎడం పెట్టాలి. వేసిన వెంటనే కక్కితే మళ్లీ వేయాలి. రెండు వారాలకు ఒకసారి, తర్వాత ఒకటి నుంచి మూడు నెలలకు ఒకసారి రక్తపరీక్ష ఉంటుంది, బిడ్డ బరువు పెరిగే కొద్దీ మోతాదు మారుతుంది. బిడ్డ చలాకీగా ఉంది కదా అని ఆపేస్తే చలాకీదనం కూడా పోతుంది.

తల్లి థైరాక్సిన్ వాడుతూ నిశ్చింతగా చనుబాలు ఇవ్వవచ్చు. కాన్పు అయ్యాక ఆమె మోతాదును తిరిగి గర్భానికి ముందున్న స్థాయికి తగ్గిస్తారు, ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చూస్తారు. కాన్పు తర్వాత నెలల్లో కొందరికి కొత్తగా థైరాయిడ్ గాడి తప్పుతుంది. బాలింత విపరీతంగా నీరసపడుతున్నా, గుండె దడగా ఉందన్నా, ఊరికే ఏడుస్తున్నా మనసు సమస్యేనని తేల్చేయకుండా ఒకసారి ఈ పరీక్ష చేయించండి.

జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) పట్టికలో పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం కూడా ఉంది. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆ బృందానికి బిడ్డ కాగితాలు చూపిస్తే జిల్లా స్థాయిలో చికిత్సకు పంపుతారు. మందు కనీసం మూడేళ్ల వయసు దాకా ఆపకూడదు. మూడేళ్లు నిండాక, లోపం శాశ్వతమో కాదో తేలని పిల్లలకు డాక్టరు కొన్ని వారాలు మందు ఆపి పరీక్ష చేస్తారు. కొందరికి ఇక అక్కర్లేదని తేలుతుంది. మిగతావారు రోజుకు ఒక మాత్రతో జీవితాంతం మామూలుగా ఉంటారు.